తిరిగొచ్చే నీళ్లు

అమెరికా చూడ్డానికి వెళ్లిన తెలుగువాళ్ల ఫోన్లలో హూవర్ డ్యామ్ ఫోటో ఉండి తీరుతుంది. లాస్ వేగాస్ దీపాలు, గ్రాండ్ కాన్యన్ లోయ, నడుమ డ్యామ్ దగ్గర ఓ గంట. పిల్లలు వేసే టూరు ప్లాను ఎవరిదైనా ఇంతే. నేనూ ఆ గంట కోసమే జూన్ ఎండలో గోడ మీదికి ఎక్కాను. 726 అడుగుల ఎత్తున, 1935లో కట్టి ముగించిన కాంక్రీటు గోడ అది. నీళ్లలోంచి లేచిన ఇన్‌టేక్ టవర్ల మీద రెండు గడియారాలున్నాయి. ఒకటి నెవాడా టైము, ఇంకొకటి అరిజోనా టైము. చలికాలంలో వాటి మధ్య గంట తేడా ఉంటుంది. వేసవిలో మాత్రం రెండూ ఒకే టైము చూపిస్తాయి. వేసవి రాగానే గడియారాన్ని ముందుకు తిప్పే అలవాటు అరిజోనాకు లేదు.

అందరూ ఆ గడియారాల ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నా చూపు మాత్రం వెనక కొండ గోడ మీదే ఆగిపోయింది. పైన రాయి ఎర్రమట్టి రంగులో ఉంది. ఒక గీత దగ్గర ఆ రంగు తెగిపోయి, అక్కణ్ణుంచి నీటి అంచు దాకా సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. ఒకప్పుడు నీళ్లు ఆ గీత దాకా ఉండేవి. తగ్గుతూ తగ్గుతూ తమలోని ఖనిజ లవణాలను రాతికి అంటించి పోయాయి. ఆ తెల్ల పట్టీ ఎత్తు నూటయాభై అడుగుల పైచిలుకు. కొలరాడో నదికి అడ్డంగా కట్టిన ఈ డ్యామ్ వెనక నిలిచిన మీడ్ సరస్సు నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 1,229 అడుగుల ఎత్తున ఉంటుంది. 2000లో దాదాపు నిండుగానే ఉన్నది 2022 జులైకల్లా 1,040 అడుగులకు పడిపోయింది. 1937 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. ఆ ఏడాదే సరస్సు అడుగు బయటపడి, ఇనప పీపాలో పెట్టి ఎవరో ఎప్పుడో నీళ్లలో వదిలేసిన శవం దొరికింది. వేగాస్ కథలు ఇష్టపడేవాళ్లకు అది చాలినంత వార్త. ఇరవై మూడు లక్షల మంది ఊరు ఈ సరస్సు మీద ఎలా బతుకుతోందన్నది దానికన్నా పెద్ద వార్త.

అనంతపురం వాణ్ణి కనుక నాకు నీళ్లను టీఎంసీల్లోకి మార్చుకుంటే గానీ బుర్రకెక్కదు. అక్కడివాళ్లు ఎకరా-అడుగుల్లో లెక్కిస్తారు. ఎకరా నేల మీద అడుగు ఎత్తున నిలిచే నీళ్లన్నమాట. అవి దాదాపు 23 వేలయితే మన టీఎంసీ ఒకటి. మీడ్ సరస్సు నిండితే వెయ్యి టీఎంసీలు దాటుతుంది. నాగార్జునసాగర్‌లు మూడింటికి పైనే పడతాయి. అందులో ఏటా నెవాడా రాష్ట్రం వాటా 3 లక్షల ఎకరా-అడుగులు, అంటే 13 టీఎంసీలు. అదే సరస్సు మీద ఆధారపడ్డ కాలిఫోర్నియాకు 192, అరిజోనాకు 122. ఒడ్డునే ఉన్న ఊరికి చేతికందినది పదమూడు!

ఈ పంపకానికి మూలం 1922 నాటి కొలరాడో నది ఒప్పందం. ఎగువ రాష్ట్రాలకు, దిగువ రాష్ట్రాలకు చెరో 327 టీఎంసీలు రాశారు. 1928 చట్టం దిగువ రాష్ట్రాల వాటాలను విడగొట్టింది. 1920 జనాభా లెక్కల్లో లాస్ వేగాస్ జనం 2,304 మంది. రైలు ఆగి నీళ్లు పట్టుకునే ఊరికి ఇంకా ఎన్ని కావాలని వాళ్లు అడుగుతారు? పైగా నీటి లెక్కలు వేసిన ఏళ్లు నదికి మంచి ఏళ్లు. ఎప్పుడూ అన్ని నీళ్లు వస్తాయనుకుని పంచేశారు. మన కృష్ణ విషయంలో బచావత్ ట్రిబ్యునల్ కాస్త జాగ్రత్తపడింది. నూరేళ్లలో డెబ్బయ్యయిదేళ్లు నమ్మకంగా వచ్చే 2,060 టీఎంసీలనే తీసుకుని పంచింది. కొలరాడోకు ఆ జాగ్రత్త లేదు. 2000 నుంచి కరవు పట్టుకుంది. వేడి పెరిగి, కొండల మీద మంచు తగ్గింది. కరిగిన మంచునూ నది దాకా రానివ్వకుండా ఎండిన నేలే తాగేస్తోంది. 2021 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం ఈ నది మీద తొలిసారి నీటి కొరత ప్రకటించింది. 2022కు నెవాడా వాటాలో 21 వేల ఎకరా-అడుగులు, 2023కు 25 వేలు కోత పడ్డాయి. టీఎంసీకి అటూ ఇటూగా.

కోత పడ్డా ఊళ్లో కుళాయిలు ఆగలేదు, ట్యాంకర్లు తిరగలేదు. అప్పటికే ఆ ఊరు తన వాటా కన్నా తక్కువ వాడుతోంది. 2002 నుంచి 2021 లోపు జనం ఏడున్నర లక్షలు పెరిగితే, నది నుంచి వాడుకున్న నీళ్లు 26 శాతం దాకా తగ్గాయి. 2021 వాడకం 2,42,000 ఎకరా-అడుగులు, పదిన్నర టీఎంసీలు. ఇదెలా సాధ్యమైందన్న ప్రశ్నకు మొదటి జవాబు మా మేనకోడలి వంటింట్లో దొరికింది.

వాళ్ల ఇల్లు ఊరికి నైరుతి వైపు. నీళ్లిచ్చేది లాస్ వేగాస్ వ్యాలీ వాటర్ డిస్ట్రిక్ట్. 1947లో రాష్ట్ర శాసనసభ ఏర్పాటు చేసిన సంస్థ ఇది. కూరగాయలు కడుగుతూ అలవాటు కొద్దీ కుళాయి సన్నగా తిప్పి, మాటిమాటికీ కట్టేస్తుంటే ఆ పిల్ల నవ్వింది. "మామయ్యా, సింకులో పోయే నీళ్ల గురించి బెంగ పెట్టుకోకు. అవి మళ్లీ మనకే వస్తాయి. పెరట్లో పైపు మాత్రం ముట్టుకోకు."

ఆ ఊరి నీటి శాస్త్రమంతా ఈ ఒక్క మాటలో ఉంది. స్నానాల గది, వంటిల్లు, మరుగుదొడ్డి, హోటల్ గదుల బాత్‌టబ్బులు, ఇలా ఇంటి లోపల కాలువలోకి దిగిన నీటిలో దాదాపు 99 శాతం శుద్ధి కేంద్రానికి చేరుతుంది. శుభ్రం చేశాక ఎక్కువ భాగాన్ని తిరిగి మీడ్ సరస్సులోకి వదులుతారు. ఎన్ని గ్యాలన్లు తిరిగి చేర్చితే అన్ని గ్యాలన్లు వాటాకు పైన మళ్లీ తోడుకోవచ్చు. వాళ్ల ఖాతాలో వాడకమంటే తోడినదాంట్లోంచి తిరిగి చేర్చింది తీసివేయగా మిగిలింది. ఆరుబయట గడ్డికి పోసిన నీరు ఆవిరైపోతుంది. దానికి తిరుగు ప్రయాణం లేదు. ఊరు వాడే నీటిలో దాదాపు అరవై శాతం ఆరుబయటే పోతుంది కనుక, ఇక్కడ కరవుతో పోరాటం కుళాయి దగ్గర జరగదు, లాన్ దగ్గర జరుగుతుంది.

అలాగని ఇంట్లో ఇష్టమొచ్చినట్టు పారబోయమని ఎవరూ చెప్పరు. సరస్సు నుంచి లోయలోకి నీళ్లు ఎత్తిపోయాలి, శుద్ధి చేయాలి, మళ్లీ పంపాలి. కరెంటు ఖర్చు తక్కువేం కాదు. ఇంటింటికీ మీటరుంది, స్లాబులున్నాయి. కాలాన్ని బట్టి మారే ఒక హద్దు దాటిన ఇళ్లకు 2023 జనవరి నుంచి ప్రతి వెయ్యి గ్యాలన్లకు 9 డాలర్ల అదనపు వడ్డన మొదలైంది. ఈత కొలనులకూ పెద్ద లాన్‌లకూ తగిలే దెబ్బ అది. నలుగురున్న మామూలు ఇంటికి సాధారణంగా తగలదు.

మరునాడు పొద్దున్నే, ఎండ ముదరకముందే, తిరుగు ప్రయాణంలో ఉన్న ఆ నీళ్లను చూడ్డానికి బయల్దేరాం. ఊరి తూర్పు అంచున లాస్ వేగాస్ వాష్ అని పన్నెండు మైళ్ల వాగు ఉంది. లోయలోని నీళ్లన్నీ పల్లానికి జారి సరస్సు చేరే దారి అదొక్కటే. వాగు వెంట ఉన్న పార్కు గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి గాలి చల్లబడింది. అటూ ఇటూ రెల్లు, జమ్ము, నీటి అంచున ఒంటికాలి మీద కొంగ. ఎడారి మధ్య ఇంత పచ్చదనమా అనిపించింది. కాసేపటికి లెక్క తెలిసింది. ఈ వాగులో పారేదంతా ముప్పావు వంతుకు మించి శుద్ధి చేసిన మురుగునీరే. రోజుకు సుమారు 20 కోట్ల గ్యాలన్లు. వాసన లేదు, నురగ లేదు. రాళ్లు పేర్చి కట్టిన ఆనకట్ట మీంచి గలగలా దూకుతోంది.

ఆ ఆనకట్టలకూ ఒక కారణముంది. ఊరు పెరిగినకొద్దీ వాగులోకి వదిలే నీళ్లు పెరిగాయి. వేగం హెచ్చి గట్లు కోసుకుపోయాయి. 1970ల్లో రెండు వేల ఎకరాల చిత్తడి నేల ఉండగా, తొంభైల చివరికి రెండొందలే మిగిలింది. కొట్టుకుపోయిన మట్టంతా తాగే సరస్సులో పడింది. అప్పుడు అడ్డంగా ఇరవైకి పైగా చిన్న ఆనకట్టలు కట్టి, నీటి నడక తగ్గించి, గట్ల వెంట చెట్లు నాటారు. నాటినవాటిలో మెస్కీట్ చెట్లు కనిపించి దగ్గరికెళ్లి ఆకు తుంచి చూశాను. అదే సన్నాకు, అదే ముల్లు. మా సీమ బీళ్లను కమ్మేసిన సర్కారు తుమ్మ ఈ జాతిదే. మనం దసరాకు మొక్కే జమ్మి కూడా. మన దగ్గర సర్కారు తుమ్మ పేరెత్తితే రైతు తిట్టిపోస్తాడు. ఇక్కడ ఆ జాతి చెట్టు సొంత ఊళ్లో ఉంది కాబట్టి మర్యాదగా నర్సరీలో కొని నాటుతున్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఒక దుకాణాల సముదాయం ముందు తగవు చూశాం. రోడ్డు పక్క పట్టీలో స్ప్రింక్లర్ తల విరిగి, నీళ్లు కాలిబాట దాటి రోడ్డు వార పారుతున్నాయి. వాటర్ డిస్ట్రిక్ట్ కారు ఒకటి వచ్చి ఆగింది. దిగినాయన చేతిలో ఫోన్ పెట్టుకుని వీడియో తీస్తూ తారీఖు, టైము, చిరునామా గట్టిగా చదివాడు. పారుతున్న నీటి వెంట మొదలు నుంచి చివరి దాకా నడిచాడు. విరిగిన తల పక్కన చిన్న జెండా గుచ్చి, కారెక్కి వెళ్లిపోయాడు. ఎవరినీ పిలవలేదు, ఎవరితోనూ వాదించలేదు. "మామయ్యగారూ, ఇక వాళ్లకు నోటీసొస్తుంది" అన్నాడు మేనకోడలి భర్త. మొదట హెచ్చరిక. అప్పటికీ బాగుచేయకపోతే 80 డాలర్ల జరిమానా. తప్పు జరిగిన ప్రతిసారీ రెట్టింపవుతూ అయిదోసారికి 1,280 డాలర్లు. వేసవిలో పగలు పదకొండు నుంచి రాత్రి ఏడు దాకా స్ప్రింక్లర్లు వేయకూడదు. ఆదివారం అసలు వేయకూడదు. చలికాలంలో వారానికి ఒక్కరోజే, అదీ ఆ వీధికి కేటాయించిన రోజున. ఇరుగుపొరుగువాళ్లు కూడా ఫోన్‌లోంచే ఫిర్యాదు చేయొచ్చు.

కర్ర ఇలా ఉంటే బెల్లం ముక్క అంతకన్నా పాతది. 1999 నుంచి గడ్డి పీకేసినవాళ్లకు డబ్బిస్తున్నారు. 2022లో అది చదరపు అడుగుకు 3 డాలర్ల దాకా ఉండేది. అక్కడ చదరపు అడుగు గడ్డికి ఏడాదికి 73 గ్యాలన్లు కావాలి. ఎడారి మొక్కలకు డ్రిప్ వేస్తే 18 సరిపోతాయి. మిగిలేది 55 గ్యాలన్లు. ఏడాదికి నాలుగు అంగుళాల వాన పడే చోట ఇది చిన్న లెక్క కాదు. కరవు జిల్లాగా పేరుపడ్డ మా అనంతపురంలోనే దానికి అయిదింతలు పడుతుంది. ఇప్పటిదాకా పీకిన గడ్డి 20 కోట్ల చదరపు అడుగులు దాటింది. డబ్బు తీసుకున్నాక మళ్లీ గడ్డి వేయడానికి వీల్లేదు. ఇల్లమ్మినా కొన్నవాడికీ ఆ షరతు వర్తిస్తుంది. ఖాళీ కంకర పరిచి చేతులు దులుపుకోవడం కూడా కుదరదు. మొక్కలు ఎదిగాక కనీసం సగం నేలను కప్పాలి.

మేనకోడలి ఇంటిముందు ఇలాగే చేశారు. గోధుమ రంగు కంకర, అందులో పచ్చటి బెరడున్న పాలో వెర్డే చెట్టు, ఎర్ర యక్కా పొదలు, గోడవార గన్నేరు. కంకర పక్కకు తోస్తే కింద వేలి లావు నల్ల పైపు, మొక్క మొదట్లో ఎమిటరు. మా చీనీ తోటల్లో పరిచే డ్రిప్పే! టైమరు మాత్రం గ్యారేజీలో గోడకుంది. అల్లుడు దాని మూత తీసి చూపించాడు. తెల్లవారుజాము నాలుగింటికి పన్నెండు నిమిషాలు.

2021లో నెవాడా శాసనసభ ఇంకో అడుగు ముందుకేసింది. ఎవరూ ఆడని, నడవని, కేవలం చూడ్డానికే ఉన్న గడ్డికి 2026 ముగిశాక కొలరాడో నీళ్లు పోయరాదని చట్టం చేసింది. రోడ్ల నడుమ పట్టీలు, ఆఫీసుల ముంగిళ్లు, అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర గడ్డి ఈ చట్టం కిందికి వస్తాయి. సుమారు 3,900 ఎకరాలు. ఇళ్ల లాన్‌లు, బడి మైదానాలు, పార్కులు రావు. కొత్త ఇళ్లకు ముంగిట్లో గడ్డి వేయకూడదన్న నియమం 2003 నుంచే ఉంది. 2022లో కొత్త ఈత కొలనులకు 600 చదరపు అడుగుల హద్దు కూడా పెట్టారు.

ఇంత పకడ్బందీ వెనక ఒక మనిషి మొండితనం ఉంది. పాట్ మల్రాయ్ 1989లో వాటర్ డిస్ట్రిక్ట్ పగ్గాలు పట్టుకున్నారు. అప్పట్లో లోయలో నీటి సంస్థలు ఎవరి వాటా వాళ్లు తీసుకుని ఖర్చు చేసేవి. వాడుకోకపోతే పక్కవాడు తన్నుకుపోతాడన్న భయం. 1991లో అందరినీ ఒక అథారిటీ కిందికి చేర్చి నీళ్లను ఉమ్మడి చేశారామె. దాచుకున్నవాడు నష్టపోడన్న నమ్మకం కుదిరాకే పొదుపు మొదలైంది. సరస్సు అడుగు నుంచి తోడే మూడో సొరంగం 2015లో పూర్తయింది. లోతు నుంచి ఎత్తిపోసే పంపుహౌసు 2020కి సిద్ధమైంది. 2022 ఏప్రిల్‌లో ఊరికి నీళ్లు తోడే మొదటి ఇన్‌టేక్ నీళ్లపైకి తేలినప్పుడు ఆ పంపులే ఊరిని కాపాడాయి. నీటిమట్టం 895 అడుగులకు పడితే డ్యామ్ నుంచి కిందికి చుక్క దిగదు. ఆ స్థితిలో కూడా వేగాస్ తోడుకోగలదు.

ఇదంతా వింటే ముచ్చటగానే ఉంటుంది కానీ, ఊళ్లో గొణుగుడు లేకపోలేదు. గడ్డితోపాటు స్ప్రింక్లర్లు తీసేసిన చోట, వాటి నీళ్ల మీదే పెరిగిన పెద్ద చెట్లు ఎండిపోయాయి. చెట్టుకు విడిగా డ్రిప్ వేయాలన్న మాట అందరూ పట్టించుకోలేదు. మేం కారాపిన ఒక అపార్ట్‌మెంటు దగ్గర వరసగా నాలుగు చెట్లు మోడులై నిలబడ్డాయి. నీడ పోయిన కంకర మధ్యాహ్నానికి పెనంలా కాలుతోంది. పొదుపు చేసిన నీళ్లతో మళ్లీ కొత్త కాలనీలకు కనెక్షన్లిస్తుంటే ఇంక పొదుపెందుకని అడిగేవాళ్లున్నారు. సబబైన ప్రశ్నే. డిస్ట్రిక్ట్ లెక్కలో కొత్త ఇల్లు పెద్ద భారం కాదు, ఆ ఇంటి నీళ్లు తిరిగొస్తాయి. కానీ చెట్లకూ చల్లదనానికీ పోసే నీళ్లు తిరిగిరావు. లెక్క దేన్ని మెచ్చుకుంటే ఊరు అటే పెరుగుతుంది.

రాత్రి స్ట్రిప్ మీద బెలాజియో ఫౌంటెన్ల ముందు వేలమంది నిలబడి ఉన్నారు. ఎనిమిదిన్నర ఎకరాల కొలను. ఇంత దుబారానా అని కోప్పడేవాళ్లను అక్కడే చూశాను. అవి నది నీళ్లు కావు. ఆ స్థలంలో ఒకప్పుడున్న గోల్ఫ్ కోర్సు కోసం వేసిన బోరు నీళ్లు. ఏటా వచ్చే నాలుగు కోట్ల సందర్శకుల స్నానాలు కూడా వాగు దారిన సరస్సుకే పోతాయి. కంటికి దుబారాగా కనిపించేది ఒకటి, నిజంగా ఆవిరయ్యేది ఇంకొకటి.

ఈ ఊరు ఎంత మిగిల్చినా నది గట్టెక్కదు. కాలిఫోర్నియాలో ఇంపీరియల్ అనే ఒక్క సాగునీటి జిల్లాకే ఏటా 135 టీఎంసీల హక్కుంది, నెవాడా మొత్తం వాటాకు పదింతలు. కొలరాడో భవిష్యత్తు ఆ పొలాల్లో తేలాలి, వేగాస్ లాన్‌లలో కాదు. అయినా మనం ఇక్కణ్ణుంచి తెచ్చుకోదగ్గ పాఠం ఒకటుంది, అది మన రికార్డుల్లోనూ ఉంది.

బచావత్ అవార్డు తిరుగు నీటిని మరిచిపోలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన 811 టీఎంసీలలో 11 అలా పొలాల నుంచి నదికి తిరిగొచ్చే నీళ్ల పేరనే వచ్చాయి. తాగునీటికి మళ్లించిన దాంట్లో 20 శాతాన్నే వాడకంగా లెక్కించాలని కూడా అది రాసింది. మిగతా 80 శాతం నదికి తిరిగొస్తుందన్న ఊహ. హైదరాబాద్ మూడు దశల్లో కృష్ణ నుంచి తెచ్చుకునేది 16.5 టీఎంసీలు, నెవాడా వాటా కన్నా ఎక్కువ. వాటిని 3.3 టీఎంసీలుగానే లెక్కించాలని తెలంగాణ కృష్ణా బోర్డు ముందు వాదిస్తూ వస్తోంది. ఆ నీళ్లు మురుగై మూసీలో కలుస్తాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. హైదరాబాద్ నీళ్లు తోడుకునే నాగార్జునసాగర్‌కు వాడపల్లి దిగువన ఉంది. తోడిన సరస్సుకు ఆ నీళ్లు ఎన్నటికీ చేరవు. దారిలో ఎన్ని పొలాలకు ఎక్కాయో, ఎంత శుభ్రమై దిగాయో చూపే మీటరూ లేదు.

నెవాడాకు కాగితం మీది ఊహ చెల్లదు. తిరిగి చేర్చిన గ్యాలన్లను కొలిచి చూపిస్తేనే మళ్లీ తోడుకునే హక్కు. అందుకే అక్కడ మురుగు శుద్ధి కేంద్రం పారిశుద్ధ్య శాఖ తద్దినంలా నడవదు, నీటి వనరులాగా నడుస్తుంది. హైదరాబాద్‌కు గానీ, కర్నూలుకు గానీ, విజయవాడకు గానీ శుద్ధి చేసి నదికిచ్చిన ప్రతి టీఎంసీకి అంతే అదనపు కేటాయింపు దక్కుతుందని రేపు ఎవరైనా రాస్తే, మన మురుగు కేంద్రాలు ఒక్కరోజైనా ఆగుతాయా?